ఎల్ఈడీ వెనక వేడి నుంచి మళ్ళీ కరెంటు: వస్తుంది, కానీ గిట్టుబాటు కాదు

ప్రశ్న టూకీగా ఇదీ: ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం వీధి ఎల్ఈడీ లైటు వెనక వచ్చే వేడిని పెల్టియర్ మాడ్యూల్‌తో (ఉష్ణోగ్రత తేడా నుంచి కరెంటు పుట్టించే చిన్న పలక) మళ్ళీ కరెంటుగా మార్చి బ్యాటరీ చార్జ్ చేయాలనుకుంటున్నారు. లైటు తీసుకునే కరెంటులో సగానికి పైగా వేడిగానే పోతుంది కాబట్టి అందులో పావు వంతు వెనక్కి వచ్చినా పెద్ద ఆదా కదా, ఎవరైనా చేసి చూశారా అని అడిగారు.

చేసి చూశాను. హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక చిన్న లైట్ల యూనిట్లో పదహారేళ్లుగా నా పని హీట్ సింకులు (వేడిని గాలిలోకి వదిలే అల్యూమినియం రెక్కలు) డిజైన్ చేయడం, తయారైన లైటును వేడి పరీక్షలకు పెట్టడం. సూటిగా చెబుతాను. కరెంటు వస్తుంది. పావు వంతు కాదు, వేడిలో నూటికి ఒక వంతు కూడా రాదు. పైగా ఆ కాస్త కోసం లైటు అంతకు కొన్ని రెట్లు వెలుగు పోగొట్టుకుంటుంది. ఎందుకో లెక్కతో సహా రాస్తాను. ప్రాజెక్టు మానేయమని మాత్రం అనను. దాన్ని ఎటు తిప్పితే పనికొస్తుందో కూడా చెబుతాను.

ముందు మీరు చదివింది నిజమే. ఇవాళ మార్కెట్లో దొరికే తెల్ల ఎల్ఈడీలు తీసుకున్న కరెంటులో సుమారు 30 నుంచి 50 శాతం దాకా వెలుగుగా మారుస్తాయి. మిగిలిందంతా వేడే. పాత ఫిలమెంటు బల్బు ఇంతకంటే చాలా అధ్వానం. కానీ దాని వేడిలో ఎక్కువ భాగం కంటికి కనపడని కిరణాలుగా వెలుగుతోపాటే ముందుకు వెళ్ళిపోయేది. ఎల్ఈడీ అలా కాదు. దాని వెలుగులో వేడి కిరణాలు దాదాపు ఉండవు, వేడంతా చిప్ అడుగు నుంచి అల్యూమినియం పలకలోకి దిగుతుంది. అందుకే వెలుగుతున్న ఫ్లడ్ లైటు ముందు చెయ్యి పెడితే ఏమీ అనిపించదు, వెనక రెక్కల మీద వేలు పెడితే చురుక్కుమంటుంది. వేడంతా ఒకేచోట దొరుకుతోంది కదా, పట్టుకుందాం అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. నాకూ అక్కడే పుట్టింది.

అయితే వేడి ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. చూడాల్సింది ఎంత తేడా ఉంది అని. చెరువులో ఎన్ని నీళ్ళున్నా కిందికి పడే ఎత్తు లేకపోతే టర్బైన్ తిరగదు. వేడికి ఆ ఎత్తు అంటే వేడి వైపుకీ చల్లని వైపుకీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త ప్రయోగంలో బయటపడింది ఇదే: రెండు వేర్వేరు లోహాలను రెండు కొసల దగ్గరా కలిపి, ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉంచితే కరెంటు పుడుతుంది. తేడా లేకపోతే ఏమీ పుట్టదు. తర్వాత 1834లో పెల్టియర్ అనే ఇంకో శాస్త్రవేత్త చూసింది దీనికి తిరగేసిన పని, అంటే కరెంటు పంపితే ఒక వైపు చల్లబడడం. కోఠి గుజరాతీ గల్లీలో మీరు కొనే తెల్ల పింగాణీ పలక ఈ రెండు పనులూ చేస్తుంది. లోపల ఉండేది బిస్మత్ టెల్యురైడ్ ముక్కలు, సాధారణంగా 127 జతలు.

నా ప్రయోగం వివరంగా చెబుతాను, మీ లెక్కలకు పనికొస్తుంది.

20 వాట్ల ఫ్లడ్ లైటు ఒకటి తీసుకున్నాను. రెండు గంటలు వెలగనిచ్చాక ఎల్ఈడీ బోర్డు ఉష్ణోగ్రత 61 డిగ్రీలు, గదిలో గాలి 31 డిగ్రీలు. మీటరు దూరంలో పెట్టిన లక్స్ మీటర్ (వెలుగు కొలిచేది) 410 చూపించింది. లైటు చల్లారాక బోర్డు విప్పి, దానికీ హీట్ సింక్‌కీ మధ్య 12706 రకం పెల్టియర్ మాడ్యూల్ పెట్టి, రెండు వైపులా తెల్ల థర్మల్ పేస్ట్ పలచగా రాసి బిగించాను. స్క్రూలు ఒకేసారి బిగిస్తే పింగాణీ పగులుతుంది, అందుకే మూలమూలకూ తిరుగుతూ కొంచెం కొంచెంగా, అంచుల్లోంచి పేస్ట్ సన్నటి గీతలా బయటికి వచ్చేదాకా బిగించాలి. ఇది మీరూ జాగ్రత్తగా చేయండి, గాలి సందు మిగిలిందంటే తర్వాత తీసిన ప్రతి రీడింగూ తప్పే.

మళ్ళీ రెండు గంటలు వెలిగించాను. తీగలు ఊరికే వదిలేసి మల్టీమీటర్ పెడితే 1.0 వోల్టు వచ్చింది. చూడగానే సంతోషం వేసింది. కానీ బోర్డు ఉష్ణోగ్రత 81 డిగ్రీలకు చేరింది. మాడ్యూల్ వేడికి అడ్డం పడింది కాబట్టి బోర్డు ఏకంగా 20 డిగ్రీలు వేడెక్కింది. ఇప్పుడు 2 ఓమ్‌ల లోడు (కరెంటు వాడుకునే రెసిస్టర్) తగిలించాను. వోల్టేజీ 0.36కి పడిపోయింది. అంటే 0.18 ఆంపియర్లు, సుమారు 0.065 వాట్లు.

లోడు మాడ్యూల్ లోపలి నిరోధంతో దాదాపు సమానం కాబట్టి ఒక వోల్టు కాస్తా సగానికి, అంటే అరకు, తగ్గాలి కదా, ఇంకా ఎందుకు పడిందని మీకు సందేహం రావాలి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ మాట ఉండదు. లోడు పెట్టగానే మాడ్యూల్‌లోంచి కరెంటు పారుతుంది. ఆ కరెంటే పెల్టియర్ పద్ధతిలో కొంత వేడిని వేడి వైపు నుంచి చల్లని వైపుకు మోసుకుపోతుంది. దాంతో 20 డిగ్రీల తేడా 14 డిగ్రీలకు తగ్గింది, బోర్డు 75 దగ్గర నిలబడింది. తేడా తగ్గితే వోల్టేజీ తగ్గక తప్పదు. అందుకే లోడు లేకుండా తీసిన వోల్టేజీ చూసి ఎప్పుడూ అంచనా వేయకండి. లోడు పెట్టాక కూడా ఉష్ణోగ్రతలు స్థిరపడేదాకా కనీసం అరగంట ఆగి రీడింగ్ రాయండి.

0.36 వోల్టులతో ఏ బ్యాటరీ చార్జ్ కాదు. వోల్టేజీ పెంచే బూస్టర్ కావాలి. అంత తక్కువ వోల్టేజీ దగ్గర బూస్టర్ తానే సగం తినేస్తుంది. చివరికి చేతికి వచ్చింది 0.03 వాట్లు.

ఇప్పుడు పోయిందెంతో చూడండి. లక్స్ మీటర్ 410 నుంచి 402కి తగ్గింది. ఎల్ఈడీ వేడెక్కే కొద్దీ వెలుగు తగ్గుతుంది, అది దాని స్వభావం. రెండు శాతం వెలుగు అంటే ఈ లైటుకు 0.4 వాట్ల విలువ. న్యాయంగా ఇంకొకటి కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేడెక్కిన ఎల్ఈడీకి వోల్టేజీ కాస్త తక్కువ సరిపోతుంది కాబట్టి లైటు తీసుకునే కరెంటు కూడా 0.15 వాట్లు తగ్గింది. దాన్ని తీసేసినా నికర నష్టం 0.25 వాట్లు. అంటే 0.25 పోగొట్టుకుని 0.03 సంపాదించాం. ఎనిమిది రూపాయలు ఖర్చుపెట్టి ఒక్క రూపాయి తెచ్చుకున్నట్టు.

పేస్ట్ మార్చాను, మాడ్యూల్ మార్చాను, హీట్ సింక్‌కు ఫ్యాన్ పెట్టాను. ఫ్యాన్ పెడితే తేడా కాస్త పెరిగింది, కానీ ఆ ఫ్యాన్ ఒక్కటే వాటుకు పైగా తీసుకుంది. ఇది నా చేతి లోపం కాదని లెక్క వేసుకున్నాక అర్థమైంది. 75 డిగ్రీలంటే సున్నా కెల్విన్ (మైనస్ 273 డిగ్రీలు) నుంచి లెక్కపెడితే 348. తేడా 14. ఎంత గొప్ప యంత్రమైనా ఆ తేడాతో తీయగలిగేది 348లో 14 వంతులు, అంటే నూటికి 4. ఇది ప్రకృతి పెట్టిన పరిమితి, ఏ కొత్త మెటీరియల్ వచ్చినా మారదు. బిస్మత్ టెల్యురైడ్ మాడ్యూల్ అందులో ఆరో వంతో ఏడో వంతో అందుకుంటుంది. అక్కడికి వచ్చేది 0.6 శాతం. బోర్డులోంచి దిగే 11 వాట్ల వేడికి 0.065 వాట్లు, నా రీడింగ్ సరిగ్గా అదే.

మరి తేడా పెంచుకుంటే? ఎల్ఈడీని 120 డిగ్రీల దాకా కాగనిస్తే ఎక్కువ కరెంటు రాదా అని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న, అసలు చిక్కు దాంట్లోనే ఉంది. ఎల్ఈడీకి చల్లదనం కావాలి, మాడ్యూల్‌కు వేడి కావాలి. హీట్ సింక్ డిజైన్ చేసేవాడిగా నా పనంతా వేడి ఎంత తొందరగా, ఎంత తక్కువ అడ్డంకితో బయటికి పోతుందా అని చూడడం. మాడ్యూల్ బతికేది ఆ దారిలో అడ్డంకి పెట్టడం మీద. ఎంత అడ్డుపడితే అంత కరెంటు, అంత తక్కువ ఆయుష్షు. లైట్లలో ముందుగా పోయేది చాలాసార్లు ఎల్ఈడీ కూడా కాదు, దానికి తగినట్టు కరెంటు అందించే సర్క్యూట్, అంటే డ్రైవర్. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మా ఫీల్డులో అందరూ వాడే లెక్క. పదేళ్ళు రావాల్సింది అయిదేళ్ళకు వస్తుంది.

ఇది కళ్ళారా చూశాను. కొన్నేళ్ళ కిందట ఒక తయారీదారు సరిగ్గా మీ ఆలోచనతోనే 120 వాట్ల వీధి లైటు చేసి, ఆరు మాడ్యూళ్ళు, చిన్న లిథియం బ్యాటరీ లోపల పెట్టి అమ్మారు. ఎనిమిది నెలల తర్వాత ఆగిపోయిన లైట్లు నాలుగు మా దగ్గరికి రిపేరుకు వచ్చాయి. మూత తీయగానే కాలిన వాసన. డ్రైవర్‌లో కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంది, చిప్‌ల మీద పసుపు పూత అంచుల్లో గోధుమరంగుకు తిరిగింది, లిథియం సెల్ పొట్ట ఉబ్బి కవరును తోసుకుంటోంది. అంత వేడి పెట్టెలో లిథియం బ్యాటరీ పెట్టడం ప్రమాదకరం కూడా. స్తంభం మీద అది అంటుకుంటే కింద జనం ఉంటారు. దయచేసి మీ మోడల్లో బ్యాటరీని లైటు పెట్టె బయటే ఉంచండి.

అదే 120 వాట్ల లైటుకు డబ్బు లెక్క కూడా చూద్దాం. ఎల్ఈడీల నుంచి దిగే వేడి 65 వాట్లు అనుకోండి. 0.6 శాతం అంటే 0.39, మంచి బూస్టర్ పెడితే మిగిలేది 0.27 వాట్లు. రాత్రికి పదకొండు గంటలు వెలిగితే మూడు వాట్-అవర్లు. ఒక మామూలు ఫోను బ్యాటరీ నిండడానికి దాదాపు వారం పడుతుంది. ఏడాది మొత్తానికి కలిపితే ఒక్క యూనిట్టు చిల్లర. మాడ్యూళ్ళు, బూస్టర్, బిగింపు కలిపి రెండు వేలకు తక్కువ కాదు. ఆ రెండు వేలు ఎన్నేళ్ళకు తిరిగి వస్తాయో మీ ఊరి యూనిట్ రేటుతో మీరే భాగించి చూడండి. లైటు అప్పటిదాకా ఉండదు.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. కరెంటు తయారీకని అమ్మే ఎస్‌పీ 1848 మాడ్యూల్ ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతుంది. దాని పట్టికలో 40 డిగ్రీల తేడాకు 1.8 వోల్టులు, 368 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. రెండూ గుణించి 0.66 వాట్లు వస్తుందని విద్యార్థులు రాసేస్తారు. ఆ వోల్టేజీ లోడు లేనప్పటిది, ఆ ఆంపియర్లు తీగలు రెండూ కలిపేసినప్పటివి. ఒకేసారి రెండూ రావు. నిజంగా తీయగలిగేది ఆ గుణకారంలో నాలుగో వంతు, అంటే 0.17 వాట్లు. వైవాలో ఎవరైనా గట్టిగా అడిగితే ఇక్కడే దొరికిపోతారు, ముందే సరిచేసుకోండి.

అలాగని ఈ విద్య పనికిరానిది కాదు. నాకు దీని మీద చాలా ఇష్టం, అందుకే ఇంత రాస్తున్నాను. 1977లో వెళ్ళిన వోయేజర్ అంతరిక్ష నౌకలు ఇప్పటికీ సూర్యుడికి అంత దూరం నుంచి మాట్లాడుతున్నాయంటే ఈ సీబెక్ పద్ధతే కారణం. ప్లుటోనియం వేడితో ఒక వైపు వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, రెండో వైపు వేడి అంతరిక్షంలోకి పోతుంది. బయల్దేరినప్పుడు ఒక్కో నౌకకు సుమారు 470 వాట్లు వచ్చేవి. ఇంకా మీ ఆలోచనకు దగ్గరి చుట్టం ఒకటుంది: 1950ల్లో సోవియట్ యూనియన్‌లో కిరోసిన్ దీపం గాజు చిమ్నీ పైన చుట్టూ రెక్కలున్న జనరేటర్ తొడిగి, ఆ దీపం వేడితో రేడియో వినేవారు. కరెంటు లేని పల్లెల్లో దీపమూ అదే, రేడియోకు బ్యాటరీ కూడా అదే. అది ఎందుకు కుదిరింది? దీపం పొగ కొన్ని వందల డిగ్రీల వేడి, చిమ్నీ పైన అడ్డం పెడితే దీపానికి పోయేదేమీ లేదు, పైగా ఆ ఊళ్ళో వేరే కరెంటే లేదు. మూడు షరతులూ కుదిరాయి. మీ వీధి లైటులో మూడింట్లో ఒక్కటీ లేదు. స్తంభానికి తీగ ఎలాగూ ఉంది.

ఎల్ఈడీ తన వేడిని తానే వెలుగుగా మార్చుకోలేదా అని కూడా కొందరు అడుగుతారు. 2012లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీని 135 డిగ్రీలకు వేడిచేసి, 30 పికోవాట్లు ఇస్తే 69 పికోవాట్ల వెలుగు వచ్చినట్టు చూపించారు. అదనపు శక్తి పరిసరాల వేడి నుంచి వచ్చింది. సూత్రాలకు విరుద్ధం కాదు, నిజంగా అందమైన ప్రయోగం. కానీ పికోవాట్ అంటే వాట్‌లో లక్ష కోట్ల వంతుల్లో ఒకటి. ఇచ్చే కరెంటు కొంచెం పెంచగానే ఆ లాభం మాయమవుతుంది. ఇంట్లో వెలిగే లైటుకు దాంతో పనిలేదు.

మరి అంత వేడి వృథాయేనా అంటే, దాన్ని పట్టుకోవడం కంటే పుట్టకుండా చూడడం వంద రెట్లు సులువు. 12,000 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) వెలుగు కావాలి అనుకోండి. వాటుకు 120 ల్యూమెన్లు ఇచ్చే లైటు అయితే 100 వాట్లు తీసుకుంటుంది. 150 ఇచ్చేది అయితే 80. ఇరవై వాట్లు అక్కడే మిగిలాయి, మాడ్యూళ్ళతో వచ్చేది పావు వాటు చిల్లర. డ్రైవర్ సామర్థ్యం 85 శాతం నుంచి 92కి మారిస్తే ఇంకో ఆరు వాట్లు. అర్ధరాత్రి దాటాక రోడ్డు మీద బండ్లు తగ్గినప్పుడు వెలుగు సగానికి దించితే ఇంకా ఎక్కువ. ఇంకొకటి, ఎల్ఈడీని పూర్తి ఆంపియర్లతో తరమకుండా చిప్‌లు రెట్టింపు పెట్టి ఒక్కోదానికి సగమే ఇస్తే, మా అనుభవంలో అదే వెలుగుకు ఎనిమిది పది శాతం తక్కువ ఖర్చవుతుంది, బోర్డు కూడా చల్లగా ఉంటుంది. ఏసీ ఉన్న గదిలో అయితే లైటు వేడి మూడు వాట్లు తగ్గితే ఏసీకి కూడా సుమారు ఒక వాటు తగ్గుతుంది.

వేడిని వేడిగానే వాడుకునే చోట లెక్క పూర్తిగా వేరు. కోళ్ళఫారాల్లో కోడిపిల్లల బ్రూడింగ్‌కు (వాటిని వెచ్చగా ఉంచడానికి) ఇప్పటికీ ఫిలమెంటు బల్బులు వేలాడదీస్తారు. అక్కడ వేడే సరుకు, వెలుగు కొసరు. అలాంటి చోట ఎల్ఈడీ పెట్టి వేడి నుంచి కరెంటు తీద్దామనుకోకూడదు.

మీ ప్రాజెక్టు సంగతికి వస్తాను. నేనైతే రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటాను.

మొదటిది, మాడ్యూల్‌ను లైటు నుంచి తీసి నిజంగా వేడి ఉన్న చోటికి తీసుకెళ్ళండి. అనకాపల్లి వైపు బెల్లం వండే పొయ్యిల పొగగొట్టం, ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్ పొయ్యి, డీజిల్ జనరేటర్ సైలెన్సర్. వీటి దగ్గర తేడా పద్నాలుగు డిగ్రీలు కాదు, వంద దాటుతుంది. వోల్టేజీ తేడాతోపాటు పెరుగుతుంది, పవరు తేడా వర్గంతో పెరుగుతుంది. అంటే తేడా ఏడు రెట్లయితే పవరు దాదాపు యాభై రెట్లు. పొలం మధ్య కరెంటు లేని బెల్లం షెడ్డులో రాత్రి రెండు ఎల్ఈడీ బల్బులు వెలిగినా, ఒక ఫోను చార్జ్ అయినా అక్కడి వాళ్ళకు పనికొచ్చే వస్తువు అది. ఒక్కటి గుర్తుంచుకోండి, కూలింగ్‌కని అమ్మే 12706 మాడ్యూల్ లోపలి టంకం 138 డిగ్రీలకు కరిగిపోతుంది. పొగగొట్టానికి నేరుగా తగిలించకుండా మధ్యలో మందపాటి అల్యూమినియం దిమ్మ, ఉష్ణోగ్రత చూసే థర్మోకపుల్ పెట్టండి. చల్లని వైపు రెక్కల కంటే నీళ్ళ డబ్బా బాగా పనిచేస్తుంది.

రెండోది, లైటునే వదలకూడదనుకుంటే ప్రశ్న మార్చండి. ఆదా అని కాకుండా "మాడ్యూల్ పెట్టినప్పుడు లైటుకు ఎంత నష్టం, ఎంత లాభం, ఎక్కడ రెండూ సమానమవుతాయి" అని కొలవండి. పైన నేను రాసిన ఎనిమిదికి ఒకటి లెక్కను వేరే లైట్ల మీద, వేరే మందాల మాడ్యూళ్ళతో పరీక్షించండి. పోయిన ఏడాది మా దగ్గరికి వచ్చిన ఇద్దరమ్మాయిలు ఇలాగే చేశారు. చివర్లో వాళ్ళు మాడ్యూల్‌ను హీట్ సింక్ దారికి అడ్డం పెట్టకుండా ఒక రెక్క పక్కన అతికించి, వచ్చిన కొద్ది మిల్లీవాట్లతో ఒక ఉష్ణోగ్రత సెన్సార్ నడిపారు. కొన్ని నిమిషాలకోసారి బ్లూటూత్‌లో రీడింగ్ పంపేది. బోర్డు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు. అలాంటి సెన్సార్ లైటు కంటే ఫ్యాక్టరీ మోటార్ల బేరింగుల మీద, ఆవిరి పైపుల మీద ఎక్కువ పనికొస్తుంది. అక్కడ తీగ లాగడం కష్టం, బ్యాటరీ మార్చడం ఇంకా కష్టం.

ఏ దారి పట్టినా మాడ్యూల్ బిగించక ముందే లైటును రెండు గంటలు వెలిగించి బోర్డు ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత, లక్స్, లైటు తీసుకునే వాట్లు నాలుగూ రాసి పెట్టుకోండి. తర్వాత ఎన్ని రీడింగులు తీసినా ఆ మొదటి నాలుగూ లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఎక్కడైనా అంకెలు పొసగకపోతే లోడు విలువతో సహా ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.